సూదులు గుచ్చిన గుర్రంతో భద్రాచలం దాకా

మా ఆవిడ సుగుణ ముప్పై రెండేళ్లు పశువుల డాక్టరుగా పనిచేసి, ఇక విశ్రాంతి తీసుకుంటానని చెప్పి రిటైరైంది. ఆ విశ్రాంతి సరిగ్గా పదకొండు రోజులు తీసుకుంది. పన్నెండో రోజున బెంగళూరు రైలెక్కింది, గుర్రాలకు ఆక్యుపంక్చర్ చేయడం నేర్చుకోవడానికి.

వెంట్రుక కన్నా కాస్త లావుండే సూదుల్ని గుర్రం ఒంటి మీద కొన్ని చోట్ల గుచ్చి, ఇరవై నిమిషాలు ఉంచి తీసేస్తారు. అదీ ఆ విద్య. "నొప్పి కొంత తగ్గుతుంది, పట్టేసిన కండ వదులవుతుంది. అంతకు మించి నేనేం చెప్పను" అంటుంది సుగుణ. ఆమె తక్కువ చెబుతుంది కాబట్టి జనం ఎక్కువ నమ్ముతారు.

ఒకటే చిక్కు. మేముండేది తెనాలిలో. తెనాలిలో గుర్రాలు లేవు. సర్టిఫికెట్టు గోడ మీద, సూదులు బీరువాలో ఆరు నెలలున్నాయి. నా మెడ పట్టేసిన రోజున ఆమె నా వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు. పోస్టాఫీసులో కవర్ల మీద ముద్రలు కొట్టుకుంటూ బతికినవాణ్ణి. సూది చూస్తే కళ్లు తిరుగుతాయి.

అందుకే వైరా నుంచి ఒకాయన ఫోన్ చేసి తన గుర్రాన్ని చూడమన్నప్పుడు అందరికన్నా ఎక్కువ సంతోషించింది నేను. చూసి, అటునుంచే భద్రాచలం వెళ్లి రాముణ్ణి దర్శించుకుని రావాలని అనుకున్నాం. సంచీ మోసే ఉద్యోగం నాకు వచ్చింది.

వైరా

ఫోన్ చేసిన వెంకటరత్నం గారి తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. మాటలో ఇప్పటికీ ఆ యాస ఉంది, పలకరింపులో ఆ మర్యాద ఉంది. గేటు దగ్గర నాకు రెండు చేతులూ జోడించి, "రండి డాక్టరు గారూ, మీ కోసమే చూస్తున్నా" అన్నారు. నా వెనకున్న సుగుణతో, "రామ్మా, లోపల మా ఆడవాళ్లున్నారు" అన్నారు.

డాక్టరు ఆవిడే అని చెప్పాను. ఆయన నా చేతిలో సంచీని, ఆమె ఖాళీ చేతుల్ని చూసి, ఎవరో తనను ఆటపట్టిస్తున్నట్టు నవ్వారు.

గుర్రం పేరు బాద్‌షా. తెల్లగా, నున్నగా, పొట్ట పక్కలకు ఉబ్బి ఉంది. కొట్టంలో దానికో ఫ్యాను, దోమతెర.

"హుషారు లేదండి దీనికి. వెన్నులో ఏదో ఉంది. సూదులతో కుదిరిపోతుందని ఫోనులో చూశాను."

సుగుణ దాని వెన్ను రెండు పక్కలా నొక్కింది, గిట్టలు ఎత్తి చూసింది, అటూ ఇటూ నడిపించింది.

"బయటికి తీసుకెళ్లి ఎన్నాళ్లయింది?"

"దసరాకి తీశామండి."

"ఇప్పుడు ఉగాది వస్తోంది. దీనికి జబ్బేం లేదు, ఒళ్లు చేసింది. ఉలవలు సగం చేసి, రోజూ రెండు మూడు కిలోమీటర్లు నడిపించండి."

"ఎవరు నడిపిస్తారండి?"

"మీరే. మీకూ మంచిది."

వెంకటరత్నం గారు కాసేపు ఆలోచించారు. "సూదులైతే ఎన్ని రోజులు పడుతుందండి?" అన్నారు.

చివరికి ఆయన తృప్తి కోసం ఎనిమిది సూదులు వేసింది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. తిరిగి చూసేసరికి బాద్‌షా తల వేలాడేసి, కింది పెదవి జార్చి, నిలబడే నిద్రపోతోంది. ఆయన పరవశించిపోయి, పంచె మోకాలి దాకా ఎత్తి, "ఇక్కడ కూడా ఒకటి వేస్తారా అమ్మా?" అన్నారు.

"రెండు కాళ్లవాళ్లకు వేసే లైసెన్సు నాకు లేదండి."

మధ్యాహ్నం రిజర్వాయరు బొచ్చె చేపతో పులుసు పెట్టారు. కారం తిన్నవాళ్లమని మేం తెనాలిలో కాస్త గర్వపడుతుంటాం. ఆ గర్వం రెండో ముద్దకు పోయింది. నేను కళ్లు తుడుచుకుంటుంటే వెంకటరత్నం గారు ఇంకో సంగతి చెప్పారు. బాద్‌షాను ఆయనకు కొనిపెట్టింది ఇల్లందులో పెళ్లిళ్లకు గుర్రం తిప్పే యాకూబ్ అట. "పాపం, వాడి గుర్రానికి నిజంగానే ఏదో అయిందండి. ఎల్లుండి భద్రాచలంలో పెళ్లి ఉంది వాడికి. మీకు దారే కదా, ఒకసారి చూసి పోకూడదూ?"

ఇల్లందు మాకు దారి కాదు. కానీ "నిజంగానే" అన్న మాట విన్నాక సుగుణను ఆపడం నా వల్ల కాదు.

ఏన్కూరు

టీ కోసం ఆగాం. రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి. ఆటో దిగగానే తుమ్ములు మొదలయ్యాయి. టీ పది రూపాయలు, తుమ్ములు ఉచితం. హోటలాయన నా ఒళ్లో ఉన్న డబ్బా చూసి ఏమిటని అడిగాడు. గుర్రాలకు వేసే సూదులని చెప్పాను.

"మా ఊర్ల గుర్రాల్లేవ్ సార్" అని కాసేపు విచారించి, "నడుములైతే మస్తున్నయ్" అన్నాడు.

బెంచీ మీద కూర్చున్న నలుగురు రైతులూ ఒకేసారి మా వైపు తిరిగారు. టీ సగంలోనే వదిలి ఆటో ఎక్కాం.

ఇల్లందు

బొగ్గు గనుల ఊరు. షిఫ్టు దిగినవాళ్ల మోటారు సైకిళ్లు ఒక్కసారిగా రోడ్డు మీదికి వస్తే, ఆ సందడిలో గుర్రం అనే ప్రాణి ఇక్కడ ఉంటుందని ఎవరూ అనుకోరు. యాకూబ్ ఇల్లు రెండు గదులు. గుర్రానిది పక్కన రేకుల షెడ్డు. గుర్రానికి చోటు ఎక్కువ.

యాకూబ్‌కు నలభై ఉంటాయి. సన్నటి మనిషి. అతను మాత్రం మమ్మల్ని చూసిన వెంటనే సుగుణ వైపు తిరిగి, "సలాం డాక్టరమ్మా" అన్నాడు. ఎలా తెలిసిందని అడిగాను.

"మీరు గుర్రానికి దూరంగ నిలబడ్డరు గద సార్."

ఆడగుర్రం. పేరు షబ్నం. ఎర్రగోధుమ రంగు, నుదుట తెల్లటి చుక్క. సుగుణ వెన్ను మీద చెయ్యి ఆనించిందో లేదో, నడుము కిందికి వంచేసి పక్కకు జరిగింది. చెవులు వెనక్కి పెట్టింది.

"నెల దినాల సంది గిట్లనే" అన్నాడు యాకూబ్. "ఎవరన్న ఎక్కితె నడుము గుంజుకుంటున్నది. పోయిన వారం ఊరేగింపుల మోకాళ్ల మీద కూలవడ్డది. పెండ్లికొడుకు జారి బ్యాండోళ్ల డోలు మీద పడ్డడు. ఎవడో వీడియో తీసిండు. జిల్లా మొత్తం సూసి నవ్విండ్రు. ఉన్న పెండ్లిళ్లన్ని పోయినయ్. ఈ భద్రాచలం ఒక్కటే మిగిలింది, వాళ్లు వీడియో సూడనట్టుంది."

"ఇది కూడా పోతే?"

అతను గుర్రం మెడ నిమురుతూ, ఆ మాట దానికి వినిపించకూడదన్నట్టు గొంతు తగ్గించాడు. "ఇటుక బట్టీలోళ్లు అడుగుతున్నరు. ఇటుకలు మోయనీకి. నేనియ్యలె ఇంక. ఇయ్యనంటె ఇంట్ల నడవాలె గద, డాక్టరమ్మా."

సుగుణ జీను చూపించమంది. జీను, మఖ్మలు గుడ్డ, తురాయిలు అన్నీ భద్రాచలంలో బ్యాండు మేస్త్రీ దగ్గరుంటాయట. అద్దె సామాను, ప్రతి పెళ్లికీ అక్కణ్నుంచే తెచ్చుకుంటాడు.

ఆ సాయంత్రం షెడ్డులో షబ్నంకు పద్నాలుగు సూదులు పడ్డాయి. మొదటి రెండింటికీ చర్మం వణికించింది. అయిదోదానికి నిట్టూర్చింది. పదో సూది పడేసరికి నాలుకతో పెదవులు తడుపుకుంటూ, తల మెల్లగా దించి, కళ్లు మూసింది. ఈసారి నేను గోడ వైపు తిరగలేదు. ఎందుకో తిరగబుద్ధి కాలేదు. యాకూబ్ ఎదురుగా గొంతుక్కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాడు.

"నెల సంది ఇది కన్ను మూయంగ నేను సూడలె" అన్నాడు.

అతని భార్య మాకు జొన్న రొట్టె, వంకాయ కూర, పచ్చిపులుసు పెట్టింది. మా వైపు చారు మరగకపోతే చారు కాదు. ఇక్కడ పొయ్యి ఎక్కకుండానే పులుసు అయిపోతుంది. రెండు గ్లాసులు తాగాను.

పొద్దున చూస్తే షబ్నం షెడ్డు బయట కాళ్లు ఎగరేస్తోంది. నొక్కితే వెన్ను కొద్దిగానే వంచింది. యాకూబ్ వీధిలో కనపడినవాళ్లందరికీ చెబుతున్నాడు. "తగ్గింది! ఒక్క పూటల తగ్గింది!"

"నొప్పి తగ్గింది యాకూబ్, జబ్బు తగ్గలేదు" అంది సుగుణ. "ఆరు వారాలు దీని మీద ఎవర్నీ ఎక్కించకూడదు."

"అవ్, అట్లనే డాక్టరమ్మా. భద్రాచలం అయినంక."

ఆ జవాబు నేను చాలాసార్లు ఇచ్చాను, చక్కెర తగ్గించమన్న డాక్టరుకు. అందుకే అర్థమైంది. సుగుణకూ అర్థమైంది. జీను చూడాలి కాబట్టి తనూ గుర్రంతోనే వస్తానంది. అలా మేం భద్రాచలం యాత్రకు డీసీఎం అనే చిన్న లారీలో, డ్రైవరు పక్కన ఇరుక్కుని బయలుదేరాం. వెనక గుర్రం, దాని పక్కన యాకూబ్.

పాల్వంచ దాటాక

అడవి మొదలైన కాసేపటికి టైరు పంచరైంది. లారీ ఎత్తాలంటే గుర్రాన్ని దించాలన్నాడు డ్రైవరు. రోడ్డు పక్కనే కోయవాళ్ల ఇళ్లు ఆరేడు ఉన్నాయి. ఇప్పచెట్ల కింద, రాలే పువ్వు కోసం, నేలంతా శుభ్రంగా ఊడ్చి ఉంది. మా వైపు మల్లెపూలకు కూడా అంత శుభ్రమైన నేల ఉండదు. ఒక వాకిట్లో ఇప్పపువ్వు పసుపుపచ్చగా ఆరబోసి ఉంది. ఆ తీపి వాసన నాకు బాగుందనిపించింది. షబ్నంకు ఇంకా బాగుందనిపించింది.

యాకూబ్ జాకీ పట్టుకోవడానికి పగ్గం నా చేతికిచ్చాడు. గుర్రం నన్ను నడిపించుకుంటూ వాకిట్లోకి వెళ్లింది. నేను "ఏయ్, ఏయ్" అంటూనే ఉన్నాను. చేటెడు పువ్వు తినేసింది.

ఇంట్లోంచి అరవయ్యేళ్ల మనిషి కర్ర పట్టుకుని వచ్చింది. ముత్తమ్మ అని తర్వాత తెలిసింది. లోపలున్న కోడలితో కోయలో ఏదో గట్టిగా అని, మాతో తెలుగులోకి మారింది.

"ఎవరిదీ గుర్రం? సుక్క పొడిసినప్పటి సంది వంగి ఏరిన పువ్వది!"

నేను జేబులో చెయ్యి పెట్టాను. ఆమె ఆ చేతి వైపు చూసిన చూపుకు దాన్ని మళ్లీ బయటికి తీయలేకపోయాను. సుగుణ మాత్రం చెప్పులు విప్పి వాకిట్లో కూర్చుని, చెల్లాచెదురైన పువ్వును చేటలోకి ఏరడం మొదలుపెట్టింది. నేనూ కూర్చున్నాను. పది నిమిషాలకు ముత్తమ్మ కోపం దిగింది. పావుగంటకు మంచినీళ్లు ఇచ్చింది. పంచరు మనిషి పాల్వంచ నుంచి రావాలి, గంట పైగా పట్టింది. ఆ గంటలో ఆమె మా కథంతా అడిగి తెలుసుకుంది. గుర్రం కూలబడటం, సూదులు, ఇటుక బట్టీ, పెళ్లి, అన్నీ.

"ఇప్పుడు దానికి నొప్పి లేదా?" అని అడిగింది సుగుణను.

"చాలావరకు తగ్గిందమ్మా."

"మల్ల రేపు పెండ్లికొడుకును ఎక్కిస్తడా ఈయన?"

సుగుణ యాకూబ్ వైపు చూసింది. యాకూబ్ టైరు వైపు చూశాడు.

"మొన్న కూలవడ్డదంటివి గద బిడ్డా. మొయ్యనని అది చెప్పిన మాట గదే. దానికి ఇంకో మాట రాదు." ముత్తమ్మ చేటను ఒకసారి చెరిగి పక్కన పెట్టింది. "నొప్పి తీసి నువ్వు ఆ మాట బందు వెట్టినవ్. ఇగ రేపు అది ఎట్ల చెప్పాలె?"

ముప్పై రెండేళ్ల సర్వీసు, బెంగళూరు సర్టిఫికెట్టు ఉన్న మనిషి లేచి చెప్పులు వేసుకుంది. లారీ కదిలింది. గోదావరి వంతెన వచ్చింది. నేను నదికి దండం పెట్టుకున్నాను. సుగుణ డబ్బాను ఒళ్లో పెట్టుకుని మూత మీద గోటితో గీస్తూ ఉంది.

భద్రాచలం

మర్నాడు పదకొండింటికి ముహూర్తం, తొమ్మిదింటికి ఊరేగింపు. ఏడింటికే బ్యాండు మేస్త్రీ షెడ్డుకు వెళ్లాం. జీను మీద ఎర్ర మఖ్మలు, జరీ కుచ్చులు, అద్దాలు. చూడటానికి సింహాసనంలా ఉంది. సుగుణ దాన్ని బోర్లా తిప్పి, గుడ్డ విప్పింది. లోపలి చెక్క చట్రం విరిగి, దాన్ని కలిపి ఉంచిన ఇనప పట్టీ అంచు వేలెడు కిందికి పొడుచుకొచ్చి ఉంది. తీసుకెళ్లి షబ్నం వెన్ను మీద మెల్లగా ఆనిస్తే, ఆ అంచు సరిగ్గా నొప్పి ఉన్నచోటే పడింది.

యాకూబ్ ఆ ఇనుమును వేలితో తడిమాడు.  "నా చేతులతోనే కట్టిన గద" అన్నాడు. "ప్రతి పెండ్లికి. గట్టిగ గుంజి కట్టిన."

ఇంకో జీను లేదు. జీను లేకుండా ఎక్కించినా ఆ వెన్ను మొయ్యదని సుగుణ చెప్పింది. ఇప్పుడు యాకూబ్ వాదించలేదు. వాదించడానికి పెళ్లికొడుకు మేనమామ వచ్చాడు. తెల్ల చొక్కా, రెండు ఫోన్లు. పక్కనే పెళ్లికొడుకు. మంచి ఆరోగ్యవంతుడు. బాద్‌షాలాగా అతనికీ ఎవరో ఉలవలు సగం చేయాల్సింది.

"గుర్రం మీదనే రావాలె. నేను మాటిచ్చిన. ఎక్కనియ్యకపోతె గుర్రం ఎందుకమ్మా? ఫోటో దిగనీకా?"

మా తెనాలిలో పెళ్లికొడుకు కారులో వస్తాడని, కారు మోకాళ్ల మీద కూలబడదని నేను మధ్యలో చెప్పబోయాను. ఎవరూ వినలేదు. సుగుణ జీను చూపించింది, వెన్ను చూపించింది. ఆయన ఫోను చూసుకున్నాడు. "ఇప్పుడు ఒప్పుకోకపోతె యాకూబ్, ఈ ఊర్ల నిన్నెవడు పిలుస్తడో సూస్త" అన్నాడు.  యాకూబ్ పగ్గం మాత్రం వదల్లేదు.

సుగుణ నా దగ్గరికి వచ్చి సంచీలోంచి డబ్బా తీసుకుంది. షబ్నం దగ్గరికి వెళ్లి, ఒకదాని తర్వాత ఒకటి, జీను పెట్టే చోట ఆరు సూదులు వేసింది. బారు సూదులు. రాగి పిడులు వెన్ను మీద నిటారుగా నిలబడి ఎండలో మెరిశాయి.

"చికిత్స నడుస్తోందండి" అంది మేనమామతో. "మధ్యలో తీయకూడదు. అబ్బాయి ఎక్కి కూర్చోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు."

పెళ్లికొడుకు ఆ సూదుల్ని చూశాడు. తన షేర్వానీని చూసుకున్నాడు.

"మామా," అన్నాడు, "నేను నడుస్త."

"అరే, సూదులకు భయపడ్తార్రా?"

"నువ్వెక్కు మామా ఫస్టు."

పెళ్లై ముప్పై నాలుగేళ్లలో సుగుణ అబద్ధమాడటం నేను చూసింది అదే. మధ్యలో తీయకూడని సూదుల్ని, మామా అల్లుళ్లు వీధి మలుపు తిరగ్గానే, గబగబా తీసేసింది. 

ఊరేగింపు నేను చూసినవాటన్నిటిలోకీ బాగుంది. జీను లేని వెన్ను మీద పలచటి జరీ గుడ్డ, మెడలో బంతిపూల దండలు, ముందు షబ్నం. పగ్గం ఒక పక్క యాకూబ్ చేతిలో, రెండో పక్క పెళ్లికొడుకు చేతిలో. రెండో పాటకు పెళ్లికొడుకు పగ్గం వదిలి డాన్సు మొదలుపెట్టాడు. గుర్రం మీదుంటే కుదిరేది కాదు కదా. స్నేహితులు ఈలలు వేశారు. మేనమామ కూడా, ఫోన్లు రెండూ జేబులో పెట్టి, చేతులు పైకెత్తాడు.

పెళ్లికూతురి ఇంటి ముందు హారతి పట్టుకుని నిలబడ్డ పెద్దావిడ ఆశ్చర్యంగా అడిగింది. "మీ దిక్కు గిట్ల గుర్రం పక్కన నడిసొచ్చుడు ఆచారమా అన్నా?"

మేనమామ ఒక్క క్షణమే ఆగాడు. "అవ్ అక్కా. మా ఇంట్ల తాతల కాడి సంది గింతే."

మళ్లీ తెనాలి

దర్శనం బాగా జరిగింది. బయలుదేరే ముందు యాకూబ్ ఆ జీనును తనే మోసుకెళ్లి మేస్త్రీ గుమ్మంలో పడేసి వచ్చాడు.

ఇంటికొచ్చాక సుగుణ ఏడు వారాలు గుర్రాల మాట ఎత్తలేదు. ముత్తమ్మ మాట మాత్రం రెండు మూడుసార్లు ఎత్తింది, అన్నం తింటూ, ఉన్నట్టుండి. నిన్న సాయంత్రం ఫోను మోగింది. యాకూబ్. స్పీకరు పెట్టింది.

కొత్త జీను చేయించాడట. ముందు తనే ఎక్కి మైలు దూరం పోయి వచ్చాడట. షబ్నం నడుము వంచలేదు. పెళ్లిళ్లు రెండు ఒప్పుకున్నాడు. అందులో ఒకటి నడిచి వచ్చే పెళ్లికొడుకుదే. భద్రాచలం ఫోటోలు చూసి, మాకూ ఆ ఆచారమే కావాలని అడిగారట.

"డాక్టరమ్మా, ఒక్క మాట అడుగుత. దేంతోని తగ్గింది ఇది?"

"ఆరు వారాలు ఎవరూ ఎక్కకపోవడంతో."

"మరి సూదులు?"

 "రెండు రోజులు దానికి హాయిగా ఉంది, అది నిజం" అంది సుగుణ. "మిగతాది నాకు తెలీదు యాకూబ్. ఊరికే విశ్రాంతి ఇమ్మంటే ఇచ్చేవాడివా?"



"ఇయ్యకపోదును" అన్నాడు. తర్వాత, "ఫోను దాని చెవి కాడ పెడుతున్న. గా మాటేదో దానికి సుత చెప్పున్రి" అన్నాడు.

సుగుణ స్పీకరు ఆపేసి, ఫోను చెవికి ఆనించుకుని వరండాలోకి వెళ్లింది. తలుపు దగ్గరగా వేసుకుంది. ఏం మాట్లాడిందో వినిపించలేదు కానీ, నేను ఉద్యోగరీత్యా వేరే ఊళ్లో ఉన్న రోజుల్లో ఫోనులో నాతో కూడా అంతసేపు మాట్లాడలేదు.